గడప కింది హాలి పైసలు

చింతపండుతో రుద్దిన రాగి పైస వాసన అరచేతిని అంత తొందరగా వదలదు. పొద్దుటి నుంచి మూడుసార్లు సబ్బుతో కడిగాను, ఇంకా ఉంది. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి ఘనపూర్ కళ్ళముందు నిలబడుతుంది.

ఆ ఏడు తెలంగాణ సమ్మెతో మా బడికి తాళం పడింది. పొద్దున మక్కగారెలు, పచ్చిమిర్చి తొక్కు. మధ్యాహ్నం మా ఇంటి ముందు రోడ్డు మీద దీక్షా శిబిరంలో డప్పులు, పాటలు. సాయంత్రం బతుకమ్మకు గునుగు, తంగేడు పూల కోసం చెలకల వెంట తిరగడం. వీటన్నిటికంటే నాకిష్టమైంది ఖాసిం చిచ్చా కట్టె. మోటార్లు బాగుచేసే చిచ్చా, పాత రేడియోకు రాగితీగ చుట్ట తగిలించి, వెదురు కట్టెకు బిగించి, సొంతంగా మెటల్ డిటెక్టర్ చేసుకున్నాడు. మట్టిలో ఇనుమో రాగో ఉంటే అది కుయ్యిమని మూలిగేది. వాన వెలిసిన మర్నాడు ఊరవతల పాత కోటగడ్డ మీద వెతకడం ఆయన వంతు, తవ్వడం నా వంతు. దొరికేవన్నీ ఎద్దు నాడాలు, సీసా మూతలు. ఎప్పుడో ఒకసారి హాలి పైస, అంటే నిజాం కాలపు నాణెం. ఆ రోజు నన్ను పట్టడం ఎవరి తరమూ కాదు.

మా నాయినమ్మను ఇంటిల్లిపాదీ అవ్వ అనేవాళ్ళం. అవ్వ ఆ కట్టెను మా వాకిట్లోకి రానిచ్చేది కాదు. ఇల్లు కట్టి గడప నిలిపిన రోజు మా ముత్తాత దాని కింద ఐదు హాలి పైసలు వేశాడట, వాటి జోలికి ఎవరూ పోకూడదట. శుక్రవారం శుక్రవారం ఆ గడపకు పసుపు రాసేది. పొరపాటున దాని మీద కూర్చుంటే నా వీపు విమానం మోతే.

సమ్మెలో ఆఫీసులన్నీ మూతపడ్డా, రోడ్డు కాంట్రాక్టరు తరఫు సర్వేయరుకు మాత్రం మా ఇంటి దారి దొరికింది. మా ఇళ్ళ వరుసంతా నిన్నమొన్న ఆక్రమించి కట్టినదేనని, కూలగొట్టాలని గోడల మీద ఎర్ర రంగు గీతలు గీశాడు.

“కాగితం ఉందా అమ్మా?”

“కాయితం లేదు సారూ. నిజాం జమానల మా మామ గడప నిలవెట్టిండు. దాని కింద హాలి పైసలున్నయి.”

అవ్వ మాటను సాగదీసి వెక్కిరించి, “ముందు తెలుగు సరిగ్గా మాట్లాడండి” అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అవ్వ మాత్రం నా వైపు తిరిగింది.

“పోరీ, గడ్డపార తే. ఖాసిమూ, నీ కట్టె తేవయ్యా. గడప మళ్ల వెట్టుకుంట. ఇల్లు పోతె మళ్ల వస్తదా?”

కట్టె గడప దగ్గర కుయ్యిమంది. అవ్వ గడపను కళ్ళకద్దుకుని, తానే పెకిలించింది. ఐదు పైసలు, పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. సర్వేయరు తగ్గలేదు. “నిన్న మీరే పాతిపెట్టి ఉండొచ్చుగా?”

అవ్వ ఒక పైసను అతని అరచేతిలో పెట్టింది. “నా తెలుగు నీకు తెలువకపాయె. దీని మీదున్నదన్న సదువు. గదీ రాదా?”

దాని మీది ఉర్దూ అంకెలను, నిజాం కాలపు సంవత్సరాన్ని, ఖాసిం చిచ్చా శిబిరం దాకా వినబడేలా చదివాడు. పక్కింటి లచ్చక్క కొంగు బిగించింది. “మా గడప కింద గూడ ఉన్నయి. నిన్న ఒక్కనాడే గీ వరుస గడపలన్ని పీకి వెట్టినమా?” చిచ్చా ఇంటింటి గడప దగ్గరా కట్టె పెడుతూ పోయాడు. ప్రతి గడపా కూసింది, శిబిరమంతా ఈలలు వేసింది. సర్వేయరు పుస్తకం మూసి జీపెక్కాడు. ఆ ఎర్ర గీతల మీద అవ్వ ఎర్రమట్టి జాజు పూసింది.

గడపను మళ్ళీ నిలిపినప్పుడు నాలుగు పైసలే వేసింది. ఐదోది నాకిచ్చింది. “మల్ల ఎవడన్న వస్తె సూపియ్యి బిడ్డా.”

తెలంగాణ వచ్చింది. అవ్వ లేదు, ఖాసిం చిచ్చా లేడు, ఆయన కట్టె ఏ పాత సామాన్ల బండి ఎక్కిందో తెలియదు. మా వరుసలో ఇప్పుడు గడపలున్న ఇళ్ళు రెండే, మిగతావన్నీ దుకాణాలు. షట్టరు కింద ఎవరూ పైస వేయరు.

నిన్న మళ్ళీ ఇద్దరు కొలత టేపు పట్టుకుని వచ్చారు. ఈసారి వాళ్ళది అచ్చంగా మన మాటే. “అక్కా, కాయితం ఉన్నదా?” అని ఎంతో మర్యాదగా అడిగారు. మాట మనదైతే ఇల్లు ఇచ్చెయ్యాలా? ఇవాళ సాయంత్రం రమ్మన్నాను. అవ్వ ఇచ్చిన పైస తళతళలాడుతోంది. గడ్డపారను గడప పక్కనే ఆనించి పెట్టాను.