దండ లేని బొమ్మ కోసం మిర్యాలగూడ దాకా

మే నెల, రెండో శనివారం. తెల్లవారుజామున అయిన పనులు: వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టడం, పాలు కాచి తోడు వేయడం, బెండకాయ కూర, చారు, అత్తమ్మకు రెండు జొన్నరొట్టెలు, ఆమె మాత్రలు పూటవారీగా పొట్లాలు కట్టడం. మిగిలినవి: మధ్యాహ్నం అన్నం, సాయంత్రం బట్టలు మడతపెట్టడం. ఆ రెండూ మా తోడికోడలు కవిత తన మీద వేసుకుంది. ఊరికే కాదు, వచ్చే ఆదివారం వాళ్లింట్లో ఆవకాయకు నేను రోజంతా పని చేయాలి. నాట్ల కాలంలో ఒకరి పొలానికి ఒకరు బదులుకు పోయినట్టే మా ఇద్దరికీ వంటింట్లో బదులు నడుస్తుంది.

ఈ ప్రయాణం టీవీ ముందు మొదలైంది. నాకు ఇష్టమైన నటుడు హీరో కాదు, హీరో నాన్న. సినిమా మొదలైన కాసేపటికే చనిపోయి, మిగతా కథంతా గోడ మీద దండ వేసిన ఫోటోలో ఉంటాడు. ఒక పాత సినిమాలో ఆయన అన్నం తింటాడు. సినిమాల్లో అందరూ కంచంలో వేళ్లు ఆడిస్తారు. ఈయన మాత్రం పప్పు కలిపి, ముద్ద చేసి, ఆకలిగా తింటాడు. వండేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. ఇంతలో ఎవరో వాకిట్లోంచి పిలుస్తారు. సగం తిని లేస్తాడు, తిరిగి రాడు. తర్వాతి సీనులో దండ. ఆయన కనిపించినప్పుడల్లా అత్తమ్మ అడుగుతుంది, "గీయన ఉన్నడా బిడ్డా, పోయిండా?"

ఉన్నాడు. మిర్యాలగూడలో జరిగే సినిమా పండుగకు శనివారం నాలుగింటికి అతిథిగా వస్తున్నాడు. అభిమానులు అక్కడే కూర్చుని తమకు నచ్చిన నటుల బొమ్మలు గీయవచ్చన్నారు. ఆయనను ఒక్కసారైనా బతికున్న మనిషిలా గీసి ఆయనకే చూపించాలని నిశ్చయించుకుని, వారం రోజులు పాత క్యాలెండర్ కాగితాల వెనక సాధన చేశాను.

కవిత ఊరుకుంటుందా? "హీరో కోసం ఉరికేటోళ్లను సూసిన గని అక్కా, హీరో నాయిన కోసం ఎండల వడి పోయేటామెను నిన్నే సూస్తున్న."

సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు నేరుగా వెళ్తే గంటన్నర. నేను కోదాడ మీదుగా చుట్టు తిరిగాను. మా పెళ్లి ఫోటోకు ఫ్రేము కట్టిన దుకాణం అక్కడుంది, ఇన్నేళ్లయినా ఆ ఫ్రేము మూలలు విడలేదు. ఏడు గంటల బస్సు ఎక్కి, చివ్వెంల దాటేదాకా నిలబడి, ఎనిమిది దాటాక కోదాడలో దిగాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, కాబట్టి రోజంతా బస్సు ఖర్చు లేదు. ఫ్రేము ముందే ఫోన్‌లో చెప్పి ఉంచాను, నాలుగు వందల యాభై.

దుకాణం పెద్దాయన ఫ్రేము చేతికిస్తూ, "ఖాళీగా పట్టుకెళ్తున్నారేంటమ్మా? ఫోటో ఏదండి?" అన్నాడు.

"మిర్యాలగూడల తయారైతది. పైన గీ రెండు మేకులేంది?"

"దండకండి. ఈ సైజు అడిగేవాళ్లంతా అందుకే అడుగుతారు. వద్దంటే పీకేస్తాను, పది నిమిషాలు కూర్చోండి."

హుజూర్‌నగర్ మీదుగా వెళ్లే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. "ఉండనియ్‌రి, బస్సు పోతది," అన్నాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదొక్కటే.

మిర్యాలగూడ దగ్గరపడగానే కిటికీలోంచి మిల్లుల ఉడికిన వడ్ల వాసన వచ్చింది. బస్టాండ్ నుంచి హాలుకు షేర్ ఆటో ఇరవై రూపాయలు. పదకొండింటికి వరండాలో చోటు చూసుకుని కూర్చున్నాను. చుట్టూ అందరూ నల్ల కళ్లద్దాల హీరోలను గీస్తున్నారు. పక్కనున్న కాలేజీ అమ్మాయి నా కాగితంలోకి తొంగిచూసి, "ఆంటీ, ఈయన ఫోటో అంకుల్ గదా! దండ ఎప్పుడేస్తరు?" అంది.

"ఎయ్య."

ముందు గళ్లు కొట్టుకుని, ముక్కు, మీసం, భుజం మీద తువ్వాలు కుదుర్చుకున్నాను. కష్టమంతా కళ్ల దగ్గరే. కడుపునిండా తిన్న మనిషి కళ్లు కొంచెం చిన్నవవుతాయి, చెంపలు వదులవుతాయి. రెండుసార్లు చెరిపాను. రెండున్నరకు ఆ తృప్తి వచ్చింది. బొమ్మను ఫ్రేములో బిగించి, బల్ల మీద నిలబెట్టి, ఎదురుగా ఉన్న హోటల్లో వంద రూపాయల భోజనానికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి బొమ్మ చుట్టూ జనం. బంతిపూల దండ వేలాడుతోంది, ముందు అగరుబత్తి వెలుగుతోంది. ఒక ముసలమ్మ చేతులు జోడించి, "మంచోడు, పాపం. ఎన్నడు పోయిండు?" అంది.

"పోలేదమ్మా. నాలుగింటికి ఒస్తున్నడు."

బ్యాడ్జీ పెట్టుకున్న నిర్వాహకుడు నొచ్చుకున్నాడు. "మేకులు కనవడ్డయి మేడం. మీరు దండ తెచ్చుడు మర్శిన్రనుకొని నేనే కొనుక్కొచ్చిన."

దండ తీసి ఆయన చేతికే ఇచ్చాను. అగరుబత్తి ఆర్పాను. కానీ మేకులు ఉన్నంతసేపూ అది పోయినవాళ్ల ఫోటోయే. టీ కొట్టు ఆయన దగ్గర పట్కారు అడిగి తెచ్చాను. ఒక మేకు ఊడింది. రెండోది కదలలేదు. దాన్ని గుంజుతుండగానే కారు వచ్చింది, హీరో నాన్నే దిగి నేరుగా వరండాలోకి వచ్చాడు.

నా చేతిలో పట్కారు, బల్ల మీద బూడిద, నిర్వాహకుడు వీపు వెనక దాచిన దండ, అన్నీ చూశాడు. "నా దండ ఏదమ్మా? అది లేకపోతే జనం నన్ను గుర్తుపట్టరు," అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అప్పుడు వంగి బొమ్మను చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇది ఏ సినిమాలోది? నాకు గుర్తు లేదే."

"ఏ సిన్మాల లేదు సార్. మీరు సగం అన్నం తిని లేసి పోతరు గద. మిగిలిన సగం తిన్నంక గిట్లుంటరని గీసిన."

"ఆ రోజు నిజంగానే ఆకలి మీదున్నానమ్మా. షాట్ అయిపోయిందని కంచం తీసేశారు," అన్నాడు మెల్లగా. "మా ఇంట్లో గోడకు నా ఫోటో ఒక్కటీ లేదు. షూటింగుల్లో తీసినవన్నీ దండ వేసినవే. మా ఆవిడ వాటిని గడప దాటనివ్వదు. దీన్ని కాదనదు. ఇస్తావా?"

ఇచ్చాను. టీ కొట్టు ఆయన వచ్చి రెండో మేకు పీకేదాకా నటుడు బల్ల పక్కనే నిలబడి, టీ తాగి, ఫ్రేమును తానే చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లాడు.

ఆరింటి బస్సులో ఖాళీ చేతులతో తిరిగొచ్చాను. గడపలోనే అత్తమ్మ అడిగింది, "ఉన్నడా?"

"ఉన్నడత్తమ్మా. చాయ్ తాగిండు."

ఆయన సంతకం తీసుకోవాలన్న సంగతి బస్సు పెన్‌పహాడ్ దాటాక గానీ గుర్తురాలేదు. ఫరవాలేదు. మనం వండింది ఎవరైనా తృప్తిగా తింటే ఖాళీ అయిన గిన్నె చూసి బాధపడం కదా, ఆ ఫ్రేము విషయంలోనూ నాకు అలాగే ఉంది. ఇన్ని సినిమాల్లో అంత తొందరగా చంపేసిన మనిషి, ఇప్పుడు ఎక్కడో ఒక ఇంటి గోడ మీద భోజనం ముగించి కూర్చుని ఉంటాడు. మీరు ఇలాంటి పండుగకు బొమ్మతో వెళ్లేటట్టయితే నాదొక్కటే మాట: ఫ్రేము చెప్పేటప్పుడే పైన మేకులు వద్దనండి, బస్సు పోయినా సరే.

ఆదివారం కవిత ఇంట్లో మామిడికాయలు కడిగి, తుడిచి, కొట్టి, జాడీలకు ఎత్తాను. బదులు తీరింది.