సగం నీళ్ల క్యాన్

ఈ ఉదయం ఆఫీసుకు వస్తుంటే, శంషాబాద్ ముందరి ఎత్తు దగ్గర, సైకిల్ క్యారియర్‌కు కట్టిన పాత పాల క్యాన్‌లో నీళ్లు ఒక్కసారి దబుక్కుమన్నాయి. తలపై నుంచి విమానం గర్జిస్తూ దిగుతోంది. అయినా నాకు ఆ చిన్న చప్పుడే వినిపించింది. వెంటనే గేరు ఒకటి తగ్గించాను. ఆ క్యాన్ యాదయ్య తాతది.

ఆయనది పాల్మాకుల. నడివయసంతా సైకిల్‌పై ఇంటింటికీ పాలు పోసి, తరువాత శంషాబాద్ రోడ్డు పక్కన సైకిళ్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నారు. ఆయన పరిచయమయ్యేనాటికి నేను విమానాశ్రయం దగ్గర ఒక సరకు రవాణా ఆఫీసులో కొత్తగా చేరాను. నగరాన్ని కార్లకు అప్పగించడం అన్యాయమని కాలేజీ చర్చా పోటీలో వాదించి గెలిచినదాన్ని. గెలిచిన మాట ప్రకారం బతకకపోతే అది ఉత్త వాక్చాతుర్యమేనని నమ్మి, అత్తాపూర్ నుంచి రోజూ సైకిల్‌పైనే వెళ్తానని ఇంట్లో ప్రకటించాను. రెండో నెలకే కుడి మోకాలు వాచింది. "స్కూటీ కొనుక్కోమ్మా, నిన్నెవరూ తప్పుపట్టరు," అన్నారు నాన్న. నన్ను నేనే తప్పుపట్టుకుంటానని ఆయనకు ఎలా చెప్పను?

ఒకరోజు చైను ఊడి ఆ కొట్టు ముందు ఆగాను. తాత చైను ఎక్కించి, నా గేరు చూశారు, కుంటుతున్న నా కాలు చూశారు.

"ఎత్తుల గూడ గింత బరువు గేరేంది బిడ్డా?"

"ఒక్కసారి తొక్కితే ఎక్కువ దూరం వెళ్తుంది కదండీ. తక్కువసార్లు తొక్కితే తక్కువ శ్రమ," అంటూ ఉదాహరణలతో సహా నిరూపించాను. ఆయన చేతులు తుడుచుకుంటూ చివరిదాకా విన్నారు.

"నువ్వే గెలిచినవ్. ఇగ పోయి గిదంతా నీ మోకాలుకు చెప్పు."

పక్కన చాయ్ తాగుతున్న ఆటో అన్న పకపకా నవ్వాడు. నాకు చివుక్కుమంది. కానీ మరునాడు, నొప్పి ఓర్చుకోలేక, జీవితంలో మొదటిసారి ఖండించడానికి కాక తెలుసుకోవడానికి ఒక ప్రశ్న అడిగాను: "మరి ఎలా తొక్కాలి తాతా?"

ఆయన లోపలి నుంచి తన క్యాన్ తెచ్చి, సగం వరకు నీళ్లు పోసి, నా క్యారియర్‌కు కట్టారు. "నిండుగ పోస్తే ఊగది, నీ తప్పు దెల్వది. సగమైతేనే చెప్తది. నాలుగిండ్లు పోసినంక పాలు ఎగురుతయని కొందరు మూతిల గడ్డి కుక్కెటోళ్లు. నేనెన్నడు కుక్కలె. కాళ్లు మంచిగ తిరిగితే పాలు సప్పుడు జెయ్యయి."

మొదటి వారం ప్రతి తొక్కుకూ క్యాన్ నన్ను వెక్కిరించింది. గేరు తగ్గించి, నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కపెడుతూ వేగంగా తిప్పితే సీటు మీదే ఎగిరిపడ్డాను. "మజ్జిగ జేస్తున్నవా ఏంది?" అన్నారు తాత. "లెక్కబెట్టకు, జర ఇను." వినగా వినగా, పాదం కిందికి నెట్టడం మాని గుండ్రంగా తిరగడం నేర్చుకుంది. తేలిక గేరులో, తొందరా బద్ధకమూ లేని ఒక నడక దొరికింది. మోకాలి వాపు మెల్లగా తగ్గింది. నా మాట నాకు దక్కింది.

ఆ తరువాతి ఏడు ఆయన కంటికి శుక్లాల ఆపరేషన్ జరిగింది. చూడటానికి పాల్మాకుల వెళ్లాను. ఊరి దారి గుంతలమయం. వాకిట్లో మంచం మీద, ఒక కంటికి కట్టుతో కూర్చుని ఉన్నారు. రెండో కన్ను ఎప్పటినుంచో మసకే. సైకిల్ ఆయన పక్కనే ఆపాను.

"ఎవలు?"

"నేనే తాతా."

"నువ్వా! సప్పుడే లేదు, క్యాన్ తేలేదా బిడ్డా?"

"తెచ్చాను. సగం నీళ్లతోనే."

ఆయన చెయ్యి చాచి, తడుముతూ క్యారియర్ దాకా వచ్చి, క్యాన్‌ను పట్టుకుని కదిపారు. లోపల నీళ్లు దబుక్కుమన్నాయి. ఆయన ముఖం విప్పారింది. "ఉన్నయ్," అన్నారు, తనలో తాను చెప్పుకున్నట్టు. "ఇగ ఇది నీ దగ్గర్నే ఉండనియ్."

మొన్నటి వానాకాలంలో ఆయన పోయారు. నేను ఇప్పటికీ వాదిస్తూనే ఉంటాను. మానుకోమని ఆయన ఎన్నడూ అనలేదు. కాకపోతే గెలిచాననిపించిన ప్రతిసారీ, ఆ మాట మోసే మోకాలు ఎవరిదో ఒకసారి చూసుకుంటాను.

ఈ ఉదయం ఎత్తు పైకి చేరేసరికి వెనుక ఏ చప్పుడూ లేదు. సైకిల్ ఆపి, చెయ్యి వెనక్కి చాచి, క్యాన్‌ను కదిపి చూశాను.

ఉన్నాయి.