చాప మీంచి కనిపించిన చెట్టు

హూడిలో అద్దెగదిలో ఉంటూ, మంచం మీదే వీపు వంచుకుని ఆఫీసు పని చేసేవాణ్ణి. డెడ్‌లైన్ తరుముతుంటే మంచినీళ్లకు కూడా లేచేవాణ్ణి కాదు. ఒక మధ్యాహ్నం వీడియో మీటింగ్ మధ్యలో, కింద పడిన ఛార్జర్ కోసం లేచి వంగాను. నడుము పట్టేసింది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను.

"ఏంటి, నాకు దండం పెడుతున్నావా?" అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. సిగ్గుతో లేవబోయి కెవ్వుమన్నాను.

కేక విని పరుగెత్తుకొచ్చిన ఓనర్ ఆంటీ నన్ను మెల్లగా చాప మీద పడుకోబెట్టింది. కిటికీ నిండా గులాబీరంగు పూలు. ఒక్కొక్కటే గాలిలో తేలుతూ రాలుతున్నాయి. నొప్పి ఎక్కడో దూరంగా, ఇంకెవరికో ఉన్నట్టనిపించింది.

"ఈ చెట్టు ఎప్పుడొచ్చింది ఆంటీ?"

"నువ్వు రాకముందు నుంచీ ఈడే ఉండాది కదప్పా!"

ఇన్నాళ్లూ కిటికీ వైపు వీపు పెట్టి కూర్చున్నాను. ఇప్పుడు నడుము కాస్త పలకరించినా చాలు, పని ఆపి ఆ చెట్టును చూడ్డానికి లేస్తున్నాను.