రాళ్ళు లేని చేనిలో చింతనీడ

శుక్రవారం సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "సోమవారం పొద్దున్నే మిషను వస్తాదంట. మన చింతచెట్టు కొట్టేస్తారు. చూడాలనుంటే ఆదివారమే రాండి," అన్నాడు. బావ అంటే మా అక్క రమణమ్మ భర్త. మా నాయనకు మగపిల్లలు లేక ఆయన్ని ఇల్లరికం తెచ్చుకున్నాడు. నల్లమాడ దగ్గర మా ఊళ్ళో ఉన్న మెట్ట చేను నాయన తర్వాత వాళ్ళిద్దరే చేస్తూ వచ్చారు. ఉన్న బోర్లు ఎండిపోయాక, ఈ ఏడు సోలారు పలకలు పెట్టేవాళ్ళకు కౌలుకిచ్చేశారు.

చెట్టు ఫోటోలు నా ఫోన్లో బోలెడున్నాయి. నాకు కావలసింది దాని నీడ. నేను అనంతపురంలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. ఇంటికొచ్చాక కెమెరా లేకుండా ఫోటోలు తీస్తాను. రెండు మందులు నీళ్ళలో కలిపి గుడ్డకు పూసి చీకట్లో ఆరబెడతాను. దాన్ని బయట పరిస్తే ఎండ తగిలినచోట నీలం తేలుతుంది, నీడ పడినచోట తెల్లగా మిగులుతుంది. నీళ్ళలో జాడిస్తే బొమ్మ నిలిచిపోతుంది. మా ఇంట్లో చీకటిగది లేదు, స్నానాలగది ఉంది. శనివారం సాయంత్రం తలుపేసుకుని కొత్త పంచెకు మందు పూస్తుంటే మా ఆయన బయట నిలబడి, "నీ పంచె ఆరేదెప్పుడు, నేను నీళ్ళు పోసుకునేదెప్పుడు?" అని అడుగుతూనే ఉన్నాడు. వంటకూ పిల్ల చదువుకూ మధ్య దొరికే సందులోనే నా కళంతా. ఆయన విసుక్కుంటాడు గానీ ఎప్పుడూ వద్దనలేదు.

ఆదివారం ఉదయం ఆరింటికి కదిరి బస్సెక్కాం. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి నాకూ మా పాప హాసినికీ సున్నా టికెట్టు, ఆయనొక్కడికే చార్జీ. ఆ బాధను ఆయన బత్తలపల్లి దాకా మోశాడు. నల్ల కవర్లో చుట్టిన పంచెను నేను ఒళ్ళో పెట్టుకున్నాను. ముదిగుబ్బలో ఎక్కిన ఒక పెద్దామె నా పక్కన సర్దుకుని కూర్చుంది.

"యాడికి పోతాండారు?"

"మా చింతచెట్టు దగ్గరికి," అన్నాను.

"చెట్టు దగ్గరికా? ఆడ మనుషులెవురూ లేరా?" అంది. ఉన్నారని చెప్పి నవ్వేశాను.

ఎనిమిదిన్నరకు కదిరిలో దిగి ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఆ దారిన పోయేవాళ్ళు అక్కడే తినేయడం మంచిది, మళ్ళీ ఇల్లు చేరేదాకా టీ తప్ప ఏమీ తగలదు. నల్లమాడకు ఇంకో బస్సు, అక్కడి నుంచి మా ఊరికి ఆటో. ఆషాఢ గాలి మొదలైంది. మబ్బులు పైన పరిగెత్తుతున్నాయే తప్ప ఒక్కటీ నిలబడేటట్టు లేదు.

ఇల్లు చేరేసరికి పదిన్నర దాటింది. అక్క మజ్జిగ ఇచ్చింది, హాసిని జడ విప్పి మళ్ళీ వేసింది. చేనికి రమ్మంటే మాత్రం తల అడ్డంగా ఊపింది. "నేను రానమ్మా. సంతకం పెట్టినప్పట్నుంచీ ఆ చేన్లో కాలు పెట్టలేదు. మీరు పోయిరాండి." బట్ట జాడించడానికి నీళ్ళు కావాలని చెబితే, టాంకరు వచ్చే వేళయిందని బావ డ్రమ్ము దగ్గరే ఆగిపోయాడు.

చేను చూసి గట్టు మీదే ఆగిపోయాను. మాది రాళ్ళ చేను. ఏటా తొలి వాన పడగానే, విత్తనం వేసేముందు, నాయనా అక్కా నేనూ గంపలతో రాళ్ళు ఏరేవాళ్ళం. ఎంత ఏరినా మరుసటి ఏడు మళ్ళీ అన్నీ తేలేవి. "ఈ చేను రాళ్ళను కంటాదే," అనేవాడు నాయన. చిన్నవి నాకు వదిలి, పెద్దవి అక్క తన గంపలో వేసుకునేది. అన్నీ గట్టు మీద నా ఎత్తున కుప్పపడేవి. మధ్యాహ్నం చింతచెట్టు కింద సంగటి తిని ముగ్గురం ఒరిగేవాళ్ళం. ఇప్పుడు ఆ కుప్పా లేదు. నేలనంతా మిషన్లు చదును చేసేశాయి. నడుమ చింతచెట్టొక్కటే నిలబడి ఉంది.

కొమ్మల నీడ ఎండలో కలిసేచోట పంచె పరిచాను. గాలి వెంటనే దాన్ని లేపి నా మొహాన కొట్టింది. ఎండ తగిలిన క్షణం నుంచి గుడ్డ పని మొదలవుతుంది, ఆపడం కుదరదు. నా దగ్గరున్నది ఆ ఒక్క పంచే. చెట్టుకున్నది ఆ ఒక్క పగలే.

"రాయి తీసుకురా పాపా," అని అరిచాను. హాసిని అటూ ఇటూ పరిగెత్తి ఉత్త చేతులతో వచ్చింది. జీవితంలో మొదటిసారి ఆ చేనిలో మాకు రాయి దొరకలేదు. చెప్పులు పెడితే జారిపోయాయి. మా ఆయన ఒక మూల మీద చతికిలబడ్డాడు. ఇంకో మూల హాసిని, మూడో మూల నేను. నాలుగోది మాత్రం తపతపా కొట్టుకుంటూనే ఉంది.

అప్పుడు గట్టు మీద అక్క కనబడింది, నెత్తిన సంగటి గంపతో.

"ఏమే, నాలుగు రాళ్ళు పెట్టుకోగూడదా?"

"రాళ్ళు యాడుండాయక్కా?"

అక్క చేనంతా ఒకసారి కలియజూసింది. గంప గట్టు మీదే దించి, చెప్పులు విడిచి, చేనిలోకి దిగి వచ్చింది. నాలుగో మూల మీద కూర్చుని, ఎగరకుండా అరచెయ్యి బట్టకు ఆనించింది.

"నాయన బతికినన్నాళ్ళూ ఏరినా తీరలేదు. మిషను ఇట్ల వచ్చి అట్ల తీర్చేసింది," అంది చెట్టుకేసి చూస్తూ. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. కదిలితే బొమ్మ చెదిరిపోతుందని నేను చెప్పినందుకు వాటిని తుడుచుకోలేదు. నేనూ ఏడ్చాను. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. అలా ఇరవై నిమిషాలు.

పంచె చుట్టి, చెట్టు కింద సంగటీ ఊరుబిండి పచ్చడీ తిని ఇంటికొచ్చాం. మూడు రోజులకోసారి వచ్చే నీళ్ళు. అక్క లెక్క చూడకుండా బక్కెట్ల మీద బక్కెట్లు పోసింది. పచ్చటి నీరు దిగిపోయి నీలం తేలింది. బొమ్మలో చెట్టు లేదు. గాలికి ఆకులు ఒక్కచోట నిలవక నీడంతా పొగలా చెదిరిపోయింది. నేను ఉసూరుమన్నది అక్క కూడా విని ఉంటుంది. నాలుగు మూలల్లో మాత్రం నాలుగు తెల్లని ఆకారాలున్నాయి. ఒకదాని పక్కన ఐదు వేళ్ళూ విచ్చుకున్న చెయ్యి.

"ఇది నాదేనా?" అని అక్క తన చెయ్యి దాని మీద పెట్టి చూసుకుంది. "సరిపాయనే," అంది. పెద్ద రాళ్ళు తన గంపలో వేసుకున్న చెయ్యి అది.

నాలుగింటికి బయలుదేరాం. అక్క ఇచ్చిన శనక్కాయలు ఈసారి చేనివి కావు, కదిరిలో కొన్నవి. ఆ మాట తనే చెప్పింది. తిరుగు బస్సులో తడి పంచెను ముగ్గురి మోకాళ్ళ మీదా పరిచి ఆరబెట్టుకున్నాం. మా ఆయన తన మూలను చూసుకుని, "నేను ఇంత లావున్నానా?" అని నిద్రపోయాడు. గాలి తగిలేకొద్దీ నీలం ముదురుతోంది. చెట్టును పట్టుకుందామని పోయిన నాకు మావాళ్ళు దొరికారు. ఇన్నాళ్ళూ బొమ్మలో అడ్డం రావద్దని నేను పక్కకు తోసింది వాళ్ళనే.

ముదిగుబ్బ దాటాక ముందు సీట్లో ఒకామె వెనక్కి తిరిగి పంచెను వింతగా చూసింది.

"యాడికి పొయ్యొస్తాండారమ్మా?"

"మా అక్క దగ్గరికి," అన్నాను.