ఐదు తర్వాత నాలుగు

మా ఫిల్మ్ సొసైటీ ఆదివారం ఉదయాలు వన్ టౌన్‌లో అద్దెకు తీసుకునే సినిమా హాల్లో శౌరయ్య ఆపరేటరు. మా విదేశీ సినిమాల్లో ఒక్క మాటా అతనికి అర్థమయ్యేది కాదు. అయినా మా సభ్యుల్లో సగంమందిలా నిద్రపోయేవాడు కాదు.

కార్యదర్శిని నేను. దర్శకుడు తీసినది తీసినట్టే చూపించాలని ప్రతి సమావేశంలోనూ ఊదరగొట్టేవాణ్ణి. ఆ పట్టుదల తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

శౌరయ్యకు భార్య పోయింది. ఒక్కతే కూతురు అమలమ్మ, పదకొండేళ్లది. డెబ్బై ఏడు నవంబరులో సమాధుల పండుగకు తల్లి సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించడానికి దివిసీమలో అమ్మమ్మ ఊరు వెళ్లింది. దీపావళి సినిమా ఆటలు వదిలి కదల్లేక, ఫలానా ఆదివారం వచ్చి తీసుకొస్తానని శౌరయ్య కబురు పెట్టాడు. దానికి ముందు రోజు శనివారం ఉప్పెన వచ్చింది. అమ్మమ్మ శవం దొరికింది. పిల్ల దొరకలేదు.

ఏడాది తిరిగాక మా సొసైటీ ఐదు వారాలపాటు కొత్త ప్రపంచ సినిమాలు వేసింది. మూడో వారం వచ్చింది ఐదు రీళ్ల సినిమా. నది ఒడ్డున బతికే తల్లీకూతుళ్ల కథ. నాలుగో రీల్లో పిల్ల వానలో తడిసి ఇంటికొస్తుంది, తల్లి తల తుడుస్తుంది. ఐదో రీల్లో పిల్లను నది తీసుకుపోతుంది. ప్రింటు బాగుందో లేదో చూడాలని శౌరయ్య శనివారం మధ్యాహ్నం ఒక్కడే అంతా వేసుకుని చూశాడు.

ఆదివారం అతను మూడో రీలు కాగానే ఐదోది ఎక్కించాడు. ముగింపు అక్షరాలు పడకముందే ఆపి, నాలుగోది వేశాడు. నదిలో పోయిన పిల్ల తడి జుట్టుతో గుమ్మంలోకి వచ్చింది. లైట్లు వెలిగాయి. చప్పట్లు మోగాయి. లెక్చరరు వెంకటకృష్ణారావుగారు లేచి, ఆ చావు తల్లి మనసులోని భయం మాత్రమేనని, అదే నవీన శిల్పమని పావుగంట వాయించారు.

కథ ముందే చదివినవాణ్ణి కనుక నాకు ఒళ్లు మండింది. క్యాబిన్‌లోకి వెళ్లాను.

"ఏంటిది శౌరయ్యా, రీళ్లు తారుమారు చేశావ్?"

"చేశానండీ. పిల్ల ఇంటికి చేరితే ఒక్కసారి చూద్దామని."

నేను రీళ్లు పెట్టెలో సర్దడం మొదలుపెట్టాను. అతనే మళ్లీ అడిగాడు.

"ఈ పెట్టె ఎక్కడికి పోద్దండీ?"

"గుంటూరు. మంగళవారం అక్కడ ఆట."

"అక్కడ వరసగానే వేస్తారాండీ?"

"వరసగానే వేస్తారు."

"అయితే పంపకండి బాబూ. ఓ వారం ఇక్కడే ఉంచండి."

కుదరదన్నాను. ఆ సాయంత్రం పెట్టె రైలెక్కిస్తుంటే ప్లాట్‌ఫారం చివర శౌరయ్య కనిపించాడు. బండి కృష్ణ వంతెన మీదకు వెళ్లేదాకా అక్కడే ఉన్నాడు.

గుంటూరు నుంచి ఉత్తరం వచ్చింది. ఆట బాగా జరిగిందట, చివర్లో చాలామంది ఏడ్చారట.

తర్వాతి ఆదివారం శౌరయ్య అడిగాడు, గుంటూరులో ఏమైందని.

"కరెంటు పోయి ఆట పడలేదు శౌరయ్యా. పెట్టె మద్రాసు గోడౌన్‌కి వెళ్లిపోయింది. ఇక ఎవరూ వేయరు" అన్నాను. సినిమా విషయంలో నేను ఆడిన మొదటి అబద్ధం అది.

శౌరయ్య ప్రొజెక్టరు అద్దం తుడవడం ఆపి నావైపు చూశాడు.

"అయితే అమ్మాయి ఇంకా ఇంట్లోనే ఉందన్నమాటండీ" అన్నాడు.