ఎన్ తీసి ఎమ్ పెట్టిన పిన్ని

మా పిన్ని చచ్చిన యంత్రాలను పేరు పెట్టి పిలుస్తుంది. అవి లేచి కూర్చుంటాయి. నమ్మరా? మానేయండి. నేను చదువు మానేశాను గానీ చూడటం మానేయలేదు, ఈ రెండు కళ్ళతో చూశాను.

పిన్ని అంధుల పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో కంప్యూటర్లు చూసుకుంటుంది. అక్కడ కిటికీ పక్కన బీరువా అంత బ్రెయిలీ మిషన్ ఉంది. దాని వయసూ పిన్ని సర్వీసూ ఒకటే. అది కాగితం మీద చుక్కలు పొడుస్తుంటే రేకుల కప్పు మీద వాన పడుతున్నట్టుంటుంది. ఆ గదిలోకొచ్చిన ఎండ కూడా కాసేపు కునుకు తీస్తుంది. దాని వెనక అరచేతి వెడల్పు ప్రింటర్ తీగ. ఇప్పుడు అలాంటి తీగ పట్టే కంప్యూటర్ కావాలంటే దుర్భిణీ వేసి వెతకాలి.

ఆ రోజు పొద్దున కొత్త ఇంజనీరు కంప్యూటర్‌కు కొత్త కెర్నెల్ కట్టాడు. కెర్నెల్ అంటే పరికరాలకూ ప్రోగ్రాములకూ మధ్య నిలబడే పెద్దమనిషి. కట్టేముందు అది వేల ప్రశ్నలు అడుగుతుంది. ఫలానా పరికరాన్ని గుర్తుపట్టాలా, వద్దా? పాతది కనిపించిన చోటల్లా ఈయన 'ఎన్' కొట్టాడు. వద్దు, వద్దు, వద్దు. చోటు కలిసొస్తుందని పాత కెర్నెల్‌నూ చెరిపేశాడు. మిషన్ మూగబోయింది. మర్నాడు పదకొండు మంది పిల్లలకు పరీక్ష. ప్రశ్నపత్రాల కోసం బడి వ్యాను ఆ మధ్యాహ్నమే రెండింటికి వస్తుంది.

వేళ్ళతో ప్రూఫు చదివే అక్క కాగితం తడిమి చూసింది.

"ఒక్క ప్రశ్నా లేదు వదినా. ఇలాగే పంపిద్దామా, అందరూ పాసైపోతారు!" అంది. గొంతు మాత్రం నవ్వడం లేదు.

"ఆ మూలనున్న కొత్త మిషన్లో కొట్టేయొచ్చు కదండీ?" అన్నాడు ఇంజనీరు.

"దాని చుక్క మరీ పలచన బాబూ. వేలికి ఆనదు," అంది అక్క.

"పాత పరికరాలను గుర్తుపట్టే ఈ డ్రైవర్లన్నీ మ్యూజియం సరుకు. ఎవరు వాడతారులే అని తీసేశా."

"ఎవరు వాడతారని మమ్మల్ని అడిగావా, నిన్ను నువ్వే అడుక్కున్నావా?" అంటూ పిన్ని కుర్చీ లాక్కుంది.

తెర మీద పాత పరికరాల పేర్లు మెల్లగా కిందికి జారాయి. నాకవి ఎక్కడెక్కడో ఓడల అడుగునా, ఆసుపత్రుల మూలల్లోనూ ఇంకా వెలుగుతున్న చిన్న దీపాల్లా కనిపించాయి. ఒక్కో దీపం దగ్గర ఎవరో ఒక్కరు. ప్రింటర్ తీగ పట్టే పోర్టు పేరు దగ్గర ఆగి పిన్ని 'ఎమ్' నొక్కింది.

"వై కదండీ?"

"వై అంటే ఎప్పుడూ నెత్తినే కూర్చుంటుంది. ఎన్ అంటే గెంటేసినట్టు. ఎమ్ అంటే పక్కగదిలో ఉంటుంది, పిలిస్తే వస్తుంది. నీకొచ్చిన నష్టమేంటి నాయనా?"

కెర్నెల్ మళ్ళీ తయారవడానికి నలభై నిమిషాలు. అంతసేపూ వీధిలో సైకిళ్ళు దూది మీద నడిచాయి. గోడ గడియారం ఊపిరి బిగబట్టింది. జ్వరమొచ్చిన బిడ్డ నుదుటి మీద వేసినట్టు, అక్క మిషన్ మూత మీద చెయ్యి వేసి కూర్చుంది.

ముందు ఒక్క చుక్క. తర్వాత జడివాన.

అక్క మొదటి పేజీ మీద వేళ్ళు నడిపి, "మొదటి ప్రశ్నే కష్టంగా ఇచ్చారు పాపం!" అని ఈసారి నిజంగానే నవ్వింది. వ్యాను పది నిమిషాలు ఆగి, పదకొండు కట్టలూ తీసుకుని వెళ్ళింది.

చచ్చిన మిషన్‌కు మా పిన్ని ఒక్క అక్షరంతో ప్రాణం పోసిందని నేను వ్యాను డ్రైవర్‌కు అప్పటికే చెప్పేశాను. పిన్ని విననే విన్నది.

"అది చావలేదురా. మిషన్ బాగానే ఉంది. దాన్ని గుర్తుపట్టే ముక్క కంప్యూటర్‌లో లేదు, పెట్టాను. అంతే."