నాలుగో జోయ్‌లె

టొక్. టొక్. టొక్. ధప్.

ముందు నాకు ఆ చప్పుడే వినబడింది. తరవాత స్తంభాల చాటునుంచి వేలికణుపులు ఊదుకుంటూ గున్నయ్య మేస్త్రి బయటికొచ్చాడు. మందస నుంచి పలాస దాకా జీడిపప్పు షావుకార్ల ఇళ్లముందు నిలబడి, ఏమీ మొయ్యకుండానే అలిసిపోతున్న స్తంభాలన్నీ ఆయన చేతిపనే.

ఈ నాలుగూ నారాయణరావు షావుకారివి. ఆయన జర్మనీలో అయిదురోజులు తిరిగొచ్చి, "గున్నయ్యా, ఇకమీదట స్తంభం అనకు. జోయ్‌లె అనాల" అన్నాడు. సిమెంటు అదే, ఇసక అదే. ఉబ్బింది ఇంటాయన ఛాతీ ఒక్కటే.

చిక్కు నిట్రాట దగ్గరొచ్చింది. పాత పూరింటి కప్పంతా మోసిన తాటిస్తంభం అది. తుపాను రోజున నారాయణరావు తల్లి బొడ్డమ్మ దాన్ని వాటేసుకునే బతికింది. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసేది. కొడుకు దాన్ని పొయ్యిలో పెట్టమన్నాడు.

"అది నేని ఇంట్లో నాను కాలెట్టను గున్నయ్యా" అందామె.

"ఉంటాదమ్మా" అని గున్నయ్య మాటిచ్చేశాడు. గృహప్రవేశానికి పదిరోజులే ఉంది. ఎలా ఉంచాలో ఆయనకే తెలీదు.

గున్నయ్య మేనకోడలు రూప నర్సు ఉద్యోగం కోసం టెక్కలిలో జర్మన్ నేర్చుకుంటోంది. జోయ్‌లె అంటే ఏమిటని ఆ పిల్లనడిగాడు.

"స్తంభమే మావయ్యా. వెయ్యేళ్లనాడు 'సూల్' అనీవోరంట. అంతకన్నా పాత గాథిక్ భాషలో 'సౌల్స్'. ఆ ముందు ఎక్కడిదో పండితులకీ సరిగ్గా తెల్దంట."

"అప్పుడు ఆళ్లకి సిమెంటుందేటి?"

"ఎక్కడిది? చెట్టుదుంగే నిలబెట్టుంటారు."

"అయితే నిట్రాటేనేటే!" జీడితోట మీద పొద్దు పొడిచినట్టు గున్నయ్య ముఖం వెలిగింది.

ఇలాంటి డొల్లస్తంభాలంటే రెండు సిమెంటు అరచెక్కలు అచ్చుపోసి అతికించడమే. నారాయణరావు సోంపేట వెళ్లిన పూట, నాలుగోదానికి రెండు చెక్కలూ మూసేముందు నడిమిన నిట్రాటని నిలబెట్టాడు. సంగతి బొడ్డమ్మ చెవిలో మాత్రం వేశాడు. ఆమె కుడికాలు ముందుపెట్టి కొత్తింట్లోకి నడిచింది.

ఇప్పుడామె శుక్రవారాలు నాలుగో జోయ్‌లెకి పసుపు రాస్తుంది. చుట్టాలడిగితే నారాయణరావు గొంతు సవరించుకుని, "అది జర్మనీ ఆచారం" అంటాడు.

ఇదంతా రాయొచ్చా అని నేనడిగితే గున్నయ్య ఆ స్తంభాన్ని అరచేత్తో నిమిరాడు.

"రాసుకోండి బాబూ, షావుకారు సదవడు. దీన్ని మాత్రం మీరు కొట్టి సూడకండి. ఆ మూడూ మీ ఇష్టం. ఆటిల్లో ఎవులూ నేరు."